గేరు రాడ్డు మీద చెయ్యి

ఆపరేషన్ తర్వాత హైదరాబాద్ దవాఖానలో డాక్టరు నా ఎడమ చేతి గురించి చాలా జాగ్రత్తలు చెప్పారు. ఆ చేతికి సూది వేయించుకోవద్దు, బీపీ చూపించుకోవద్దు, నీళ్ల బిందె ఎత్తొద్దు, గాజు గీరుకున్నా అశ్రద్ధ చేయొద్దు. రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులు కూడా తీసేశారు కాబట్టి ఆ చేతిలోకి నీరు చేరితే మళ్లీ దిగడం కష్టమట. నా భర్త పక్కనే కూర్చుని అన్నింటికీ తల ఊపుతున్నాడు. అంతా అయ్యాక నేను ఒక్కటే అడిగాను.

"సార్, కారు నడపొచ్చా?"

"ఆటోమేటిక్కా, గేర్లదా?"

"గేర్లదే సార్. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ. రోజూ పోయి రావాలి."

"అయితే ఇప్పుడు వద్దమ్మా. వాపు రాకపోతే తర్వాత చూద్దాం."

వాపు వచ్చింది. రేడియేషన్ అయిపోయి, కాలేజీలో మళ్లీ చేరిన కొద్ది రోజులకే ముంజేయి బరువెక్కింది. గాజులు ఎక్కలేదు. వేళ్ల మొదలు నుంచి భుజం దాకా బిగుతైన తొడుగు ఒకటి వేసుకోమన్నారు. అది ఇప్పటికీ నా చేతికి ఉంది.

నేను మిర్యాలగూడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఇల్లు మాత్రం సూర్యాపేటలో, నా భర్త మోటార్లు రిపేరు చేసే షాపు అక్కడ ఉంది కాబట్టి. పుట్టింది పెన్‌పహాడ్ దగ్గరి పల్లెలో. నాన్న గొర్లు కాసేవాడు. మా ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేను, కారు నడిపిన మొదటి మనిషినీ నేనే. నిజం చెప్పాలంటే రెండోదే నాకు ఎక్కువ గర్వంగా ఉండేది. ఉద్యోగానికి చదువు చాలు. కారు నడపడానికి భయం పోవాలి. ఆ భయం పోగొట్టింది మా బావ.

బావ అంటే అక్క భర్త. కోదాడ మనిషి, ఆ చుట్టుపక్కల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే ఫోర్‌మన్. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవులకు వాళ్లింటికి వెళ్తే, సాగర్ కాలువ గట్టు మీద తన పాత కారులో నాకు డ్రైవింగ్ నేర్పించాడు. ఒక పక్క నిండుగా పారే కాలువ, ఇంకో పక్క వరి మళ్లు. ఎటు పడినా నీళ్లే. వెనక సీట్లో అక్క కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేది.

"మీటరు చూడొద్దమ్మాయ్," అనేవాడు బావ. "ఇంజను ఏమంటుందో విను. మూలిగితే గేరు దించు. అరిస్తే ఎక్కించు."

"నాకు అన్నీ ఒక్క తీరుగనే ఇనబడుతున్నయి బావా."

"అయితే రాడ్డు మీద చెయ్యి పెట్టి ఉంచు. చేతికే తెలుస్తుంది."

తెలిసేది కూడా. గేరు రాడ్డు సన్నగా వణుకుతూ ఉండేది. బండి ఇబ్బంది పడుతున్నప్పుడు ఆ వణుకు మారేది. కొన్నాళ్లకు నా ఎడమ చెయ్యి నన్ను అడగకుండానే గేర్లు మార్చడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను సొంతంగా చిన్న కారు కొనుక్కున్నాను, గేర్లదే.

"నువ్వు కూడ నేర్చుకో అక్కా," అని ఆ రోజుల్లో ఒకసారి అన్నాను.

"నాకెందుకే. నన్ను తిప్పడానికి మీరిద్దరున్నరు గదా," అంది అక్క, కళ్లు తెరవకుండా.

చాలా ఏళ్ల తర్వాత బావ తనకు నచ్చిన కారు కొన్నాడు. రెండు క్లచ్‌లు ఉండే ఆటోమేటిక్ కారు. కొన్న వారంలోనే మాకు చూపించడానికి అక్కను తీసుకుని సూర్యాపేట వచ్చాడు. కింద క్లచ్ పెడల్ లేదు. రెండు క్లచ్‌లు ఉన్నాయంటూ ఒక్క పెడలూ లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయన మా వాకిట్లో నిలబడి ఓపికగా చెప్పాడు.

"ఒక క్లచ్చు ఒకటి, మూడు, ఐదు గేర్లు చూసుకుంటుంది. ఇంకోటి రెండు, నాలుగు, ఆరు. పెళ్లి బంతిలో వడ్డన చూడు. ఒకడు అన్నం పెడుతుంటే ఇంకొకడు పప్పు గిన్నె పట్టుకుని వెనకే నిలబడతాడు కదా. వాడు జరగ్గానే వీడు వడ్డిస్తాడు. తినేవాడు ఆగే పని లేదు. దీంట్లో కూడా తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది. క్లచ్చు అదే తొక్కుకుంటుంది."

స్టీరింగ్ వెనక, రెండు పక్కలా వేళ్లకు అందేలా చిన్న రెక్కల్లాంటి మీటలు ఉన్నాయి. ప్యాడిల్స్ అంటారట. మనమే గేర్లు మార్చుకోవాలనిపిస్తే కుడివైపుది లాగితే గేరు ఎక్కుతుంది, ఎడమవైపుది లాగితే దిగుతుంది. అదే పని మధ్యలో ఉన్న గేరు రాడ్డుతో కూడా చేయొచ్చు. రాడ్డును పక్కకు జరిపి ముందుకో వెనక్కో నెడితే చాలు. బావ రాడ్డునే వాడేవాడు.

నా భర్తకు ప్యాడిల్స్ తెగ నచ్చాయి. "స్టీరింగ్ మీదికెళ్లి చెయ్యి తియ్యకుంట గేరు మారుతుంటే అదే మంచిది గదన్నా," అన్నాడు.

"స్టీరింగ్ తిప్పితే అవి కూడా తిరిగిపోతాయి తమ్ముడూ. మలుపులో ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. రాడ్డు అట్లా కాదు. చూడకుండా చెయ్యి చాపినా అక్కడే ఉంటుంది."

నేను బావ వైపు మాట్లాడాను. గేరు మార్చిన సంగతి చేతికి తెలియకపోతే అదేం డ్రైవింగ్ అన్నాను. ఆ సాయంత్రం అన్నాల దగ్గర కూడా ఇదే వాదన నడిచింది. అక్క విసుక్కుని, "బండి పోతుందా పోతలేదా, గది చూడున్రి," అంది.

మరుసటి ఏడాది ఒక ఉదయం బావ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టిఫిన్ తిని లేవబోతూ మళ్లీ కుర్చీలో కూర్చుండిపోయాడట. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయింది. ఆయన కారును తోటి ఉద్యోగి ఒకరు ఇంటికి తెచ్చి పెట్టి తాళం అక్క చేతికిచ్చి వెళ్లారు. ఆ మనిషి బాగా పొడగరి. నడపడానికి వీలుగా సీటు వెనక్కి జరుపుకున్నాడు. దినాలు అయ్యాక అక్క ఏదో కాగితం కోసం కారు తలుపు తీసి, ఆ సీటు చూసి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. అప్పటిదాకా అంత గట్టిగా ఏడవలేదు.

"ఆయన కూసునే కాడికి సీటు ఎవరు జరుపుతరే ఇప్పుడు," అంది. నేను జరపడానికి ప్రయత్నించాను. సరిగ్గా ఎక్కడ ఉండేదో నాకు కూడా తెలియలేదు.

అక్క ఆ కారును అమ్మలేదు. గుడ్డ కప్పి ఉంచింది. వారానికోసారి వీధిలోని మెకానిక్‌ను పిలిచి స్టార్ట్ చేయించేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ నాకే చేతికి తగిలింది. సెలవు పెట్టే ముందు రోజు క్లాసులో కణ విభజన చెప్పాల్సి వచ్చింది. ఒక కణం రెండు, రెండు నాలుగు అని బోర్డు మీద బొమ్మలు వేస్తూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు ఎదురుచూశారు. సుద్దముక్క కింద పెట్టి, మిగతాది తర్వాత చూద్దామన్నాను.

వైద్యం జరిగినన్నాళ్లు అక్క కోదాడ ఇంటికి తాళం వేసి మా ఇంట్లోనే ఉంది. కీమో మందు ఎక్కించిన రోజుల్లో బకెట్ పట్టుకుని పక్కన కూర్చునేది. జుట్టు రాలుతుంటే తనే దువ్వి, రాలింది నాకు కనబడకుండా తీసుకుపోయేది. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడం అంటారు. నాన్న ఊరి నుంచి వచ్చి, "కరెంటు పెట్టినప్పుడు కొడతదా బిడ్డా," అని అడిగితే అక్కే సమాధానం చెప్పింది. నాకు మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

కాలేజీకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక బస్సే దిక్కయింది. పొద్దున బస్సులో సీటు దొరకదు. నిలబడి పైకమ్మీ పట్టుకోవాలంటే కుడి చెయ్యి ఒక్కటే. ఆ చేతిలో బ్యాగు. బ్రేకు వేసినప్పుడల్లా ఎవరో ఒకరు ఎడమ భుజానికి తగిలేవారు. ఇంటికొచ్చి చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టుకుని పడుకునేదాన్ని.

"కిరాయికి డ్రైవర్ను పెడదాం," అన్నాడు నా భర్త.

"వద్దు."

"మరి నేను దింపొస్త. షాపు జర ఆలస్యంగ తెరుస్త."

"వద్దన్న గదా."

"పంతమెందుకు నీకు?"

పంతం కాదు. కానీ అదేమిటో ఆయనకు చెప్పలేకపోయాను. ఇంట్లో, కాలేజీలో, వీధిలో అందరూ నన్ను ఎట్లున్నవని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. పెన్‌పహాడ్ దాటి మిర్యాలగూడ వైపు వెళ్లే దారిలో ఒక్కదాన్ని కారులో ఉన్నప్పుడు మాత్రం నన్నెవరూ అడగరు. నాకు ఆ సమయం కావాలి.

ఇది అక్కకు ఎట్లా తెలిసిందో. అప్పటికి తను కోదాడ వెళ్లిపోయింది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "బావ బండి తీసుకుపో," అంది.

"అది ఆయనది అక్కా."

"ఆయనదే. గుడ్డ కింద పెడితే ఆయనకేం వస్తది? దాంట్లో క్లచ్చు లేదు, గేర్లు లేవంటరు గదా. నీ చేతికి పని పడదు. వచ్చి తీసుకుపో."

డాక్టర్ను అడిగితే ఆటోమేటిక్ అయితే నడపొచ్చన్నారు. మధ్యమధ్యలో ఆగి చేతికి విశ్రాంతి ఇవ్వమన్నారు. నేను బస్సులో కోదాడ వెళ్లాను. అక్క అప్పటికే గుడ్డ తీసి కారు కడిగించింది. నేను తలుపు తీసి లోపలికి చూశాను. గేరు రాడ్డు మీది తోలు, అరచెయ్యి పడే చోట నున్నగా అరిగి రంగు మారింది. ప్యాడిల్స్ మాత్రం షోరూమ్ నుంచి వచ్చినప్పటిలాగే ఉన్నాయి. వాటి అంచుల్లో దుమ్ము కూడా చేరింది. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

అక్క నాతో పాటు సూర్యాపేట వస్తానంది. ముందు సీట్లో, నా ఎడమ పక్కన కూర్చుంది. హైవే ఎక్కాక ఎప్పటి అలవాటుతోనో రాడ్డును పక్కకు జరిపి, గేర్లు నేనే మార్చడం మొదలుపెట్టాను. బండిని దాని మానాన వదిలేస్తే సరిపోయేది. కానీ అది బావ బండి. అందులో కూర్చుంటే ఆయన నేర్పినట్టే నడపాలనిపించింది. కాసేపటికే మోచేతి కింద లాగడం మొదలైంది. లారీలను దాటేటప్పుడు గేరు దించి, దాటాక ఎక్కించి, మళ్లీ చెయ్యి రాడ్డు మీదే ఉంచుతున్నాను. నేను పళ్లు బిగించడం అక్క చూసింది.

"చెయ్యి తియ్యి," అంది.

"అలవాటక్కా."

"మానుకో. స్టీరింగ్ మీద పెట్టుకో."

నేను తీయలేదు. అప్పుడు అక్క తన కుడి చేత్తో నా వేళ్లు ఒక్కొక్కటిగా రాడ్డు మీంచి ఊడదీసి, ఆ చోట తన అరచెయ్యి పెట్టింది. పెట్టి అట్లాగే ఉంచింది. ఇక నాకు వేరే దారి లేదు. ముందు ఇసుక ట్రాక్టర్ ఒకటి అడ్డం వస్తే మొదటిసారి ఎడమ ప్యాడిల్ లాగాను. ఒక్క వేలి పని. బండి గేరు దిగింది. దాటాక కుడిది లాగాను. ఎక్కింది. చేతికి ఏమీ తెలియలేదు. ఎవరో పక్క గదిలో మన పని చేసిపెట్టినట్టు ఉంది.

చాలా దూరం వెళ్లాక అక్క అంది, "ఇది సన్నగ వణుకుతుంది ఏందే."

"అట్లనే ఉంటదక్కా."

"మరి ఆయన దీని మీదికెళ్లి చెయ్యి తీసేవాడు కాదు గదా. నేనేదన్న అందిస్తే కుడి చేత్తో తీసుకునేవాడు, స్టీరింగ్ వదిలి. తిట్టేదాన్ని. ఒకసారి అడిగిన. గంత ఇష్టమేందయ్యా గా రాడ్డంటే అని. నవ్విండు. ఇది పాత బండ్లల్లా కాదు, ఉత్త స్విచ్చే, కింద గేర్లకు దీనికి సంబంధం లేదు, ప్యాడిల్ లాగినా ఇది నెట్టినా ఒకటే తీగల సిగ్నల్ పోతది అన్నడు."

"తెల్సా ఆయనకు?"

"తెల్వకుంటదా, మిషన్ల మనిషి. తెల్సి కూడా చెయ్యి గీడనే పెట్టేవాడు."

ఆ సాయంత్రం మా వాకిట్లో అంత వాదించిన మనిషికి అది స్విచ్ అని తెలుసన్నమాట. ఇంజను సంగతి చేతికి తెలియడం అనేది పాత కారుతోనే పోయింది. ఇందులో మిగిలింది అలవాటు ఒక్కటే. నాకు మాత్రం ఆయన ఓడిపోయినట్టు అనిపించలేదు. చెయ్యి పెట్టుకోవడానికి మనిషికి ఒక చోటు కావాలి. ఆయనకు అది దొరికింది.

సూర్యాపేట వచ్చేదాకా అక్క చెయ్యి అక్కడే ఉంది.

ప్యాడిల్స్ అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. బావ చెప్పింది నిజమే, మలుపులో అవి స్టీరింగ్‌తో పాటు తిరిగిపోతాయి. మిర్యాలగూడలో కాలేజీ వైపు తిరిగే చోట ఎడమది అనుకుని కుడిది లాగేదాన్ని. దిగాల్సిన గేరు ఎక్కి బండి నీరసంగా కదిలేది, వెనకవాళ్లు హారన్ కొట్టేవారు. తర్వాత మలుపులు పూర్తయ్యేదాకా వాటి జోలికి పోకుండా ఉండడం నేర్చుకున్నాను. చెయ్యి బాగా లాగిన రోజున అన్నీ బండికే వదిలేసేదాన్ని. కానీ పెన్‌పహాడ్ దాటాక ఖాళీ రోడ్డు మీద మాత్రం ఆ మీటలు లాగుతూ నడిపేదాన్ని. ఒక్క వేలే అయినా, ఎప్పుడు లాగాలో చెప్పేది నా చెవులే.

ఆ బండికి ఒక ఇబ్బంది ఉంది. ట్రాఫిక్‌లో అడుగడుగుకూ ఆగుతూ కదులుతూ ఉంటే క్లచ్‌లు వేడెక్కుతాయి. వరికోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా బయల్దేరి ఆ బారులో ఇరుక్కున్నాను. కాసేపటికి మీటర్ల దగ్గర హెచ్చరిక వెలిగింది. బండి ఆపి చల్లారనివ్వాలని దాని అర్థం. పక్కకు తీసి ఆపాను. ఎండ. చెయ్యి తొడుగులో ఉడికిపోతోంది.

పక్కన ఆగిన ట్రాక్టర్ ట్రాలీ నీడలో ఒక ఆమె కూర్చుని ఉంది. నా కంటే పెద్దది. మాడుగులపల్లి దిక్కు నుంచి వడ్లు తెచ్చారట. భర్త మిల్లు గేటు దగ్గర వరస కోసం పోయాడట.

"గీడికి రా బిడ్డా, నీడకు కూసో," అంది. వెళ్లి కూర్చున్నాను. సీసాలో నీళ్లిచ్చింది. నా చెయ్యి చూసింది.

"విరిగిందా?"

"లేదమ్మా. ఆపరేషన్ అయింది." మామూలుగా అక్కడితో ఆపేదాన్ని. ఆ రోజు ఎందుకో ఆపలేదు. "రొమ్ముల క్యాన్సర్ వచ్చింది. తీసేసిన్రు. అప్పటిసంది చెయ్యి వాస్తది."

ఆమె అయ్యో అనలేదు. తొడుగు మీద వేళ్లతో తాకి చూసింది.

"మా తోటికోడలుకు గూడ గిట్లనే అయింది. చానేండ్లయింది. దానికి గీ తొడుగు గిట్ల లేకుండె. పాత చీరె పేలిక చుట్టుకునేది. ఇప్పుడు మంచిగనే ఉంది. కలుపుకు పోతది. చెయ్యి మాత్రం సన్నగ కాలే. అట్లనే ఉంది," అంది.

"నొప్పి ఉంటదా ఆమెకు?"

"ఉంటదట. చెప్పదు. నాట్లప్పుడు వరసల జర ఎనక పడితే మేమే దాని వంతు నారు గూడ ఏస్తం."

ఇద్దరం ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని కూర్చున్నాం. ఆ మాటలు నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. చెయ్యి సన్నగా కాదు, ఆమె బతికే ఉంది, వెనకబడితే పక్కవాళ్లు వేస్తారు. ఇంతే. హెచ్చరిక ఆరిపోయాక ఆమెకు చెప్పి లేచాను. "నిమ్మళంగ పో," అంది.

తర్వాతి వానాకాలంలో కోదాడలో అక్క దగ్గర ఉండగా చేతికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మల్లె తీగ కత్తిరిస్తుంటే ఎక్కడో గీరుకున్నట్టుంది. మధ్యాహ్నానికి చెయ్యంతా ఎర్రబడి, చలిజ్వరం. కారు వాకిట్లో ఉంది. నడపాల్సిన నేను మంచంలో వణుకుతున్నాను. అక్క తాళం చేతిలో పట్టుకుని కాసేపు కారు ముందు నిలబడి, వానలో రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో తెచ్చింది. దవాఖానలో సూదులు వేసి, ఆలస్యం చేయకుండా తెచ్చినందుకు మంచిదైందన్నారు. అక్క మాత్రం తలవంచుకుని కూర్చుంది. చీర అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

జ్వరం తగ్గిన రోజున, నేను అడగకుండానే అంది. "నాకు నేర్పు."

"ఏంది?"

"బండి. ఇద్దరుండిరి నన్ను తిప్పనీకి. ఒకాయన పాయె. నువ్వేమో గిట్ల పంటివి. నేను ఇగ ఎవర్ని నమ్ముకోవాలె?"

అక్కను మా ఇంట్లోనే ఉంచుకుని సూర్యాపేట మార్కెట్ యార్డులో, వడ్లు రాని కాలంలో, ఆ పెద్ద ఖాళీ స్థలంలో నేర్పించాను. యాభై దాటిన మనిషి. స్టీరింగ్‌ను రెండు చేతులతో రోకలిని పట్టుకున్నట్టు పట్టుకునేది. నేను ఎడమ సీట్లో కూర్చుని ఇంజను శబ్దం వింటూ, ఇప్పుడు గేరు మార్చాలి అని నోటిదాకా వచ్చిన మాట మింగేసేదాన్ని. తను రాడ్డునూ ముట్టుకోలేదు, ప్యాడిల్స్‌నూ ముట్టుకోలేదు. మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారి రాడ్డు జరిపేది, అంతే. బండి తనంతట తానే గేర్లు మార్చుకునేది. తనకు ఆ సంగతే తెలిసేది కాదు. మా వాదనల్లో దేనికీ అక్క దగ్గర చోటు లేదు. తనకు బండి పోతే చాలు, ఆగితే చాలు. రోజూ కొంచెం కొంచెం, మూలుగుతూ, నన్ను తిడుతూ, నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజున మా ఇంటికొచ్చి బావ ఫొటో ఎదురుగా కాసేపు కూర్చుని వంటింట్లోకి పోయింది.

మొన్న ఎండాకాలం ముందు ఒక ఉదయం ఇద్దరం సాగర్ వెళ్లాం. బావ అస్థికలు కలిపింది అక్కడ కృష్ణలోనే. అప్పుడు మగవాళ్లే వెళ్లారు. అక్క ఆ చోటు చూడలేదు. చూడాలని ఉందని ఇన్నాళ్లకు అంది. మిర్యాలగూడ మీదుగా పెద్దవూర దాకా నేను నడిపాను. అక్కడ టీ తాగి, చెయ్యి బరువుగా ఉందంటే అక్క స్టీరింగ్ తీసుకుంది.

కొండ మీది కాలనీ దాటాక నది వైపు రోడ్డు దిగుతుంది. వంపులు తిరుగుతూ వాలు. అక్కకు వాలు కొత్త. బ్రేకు మీద కాలు తీయకుండా నొక్కి పట్టింది. బండి ఆగి ఆగి జారుతోంది. కాలిన వాసన సన్నగా వచ్చింది.

"బ్రేకు వదలక్కా జర. గేరు దింపుకోవాలె. ఎడమ దిక్కు ప్యాడిల్ లాగు."

"ఏదే? గిది తిరుగుతుంది గదా," అంది భయంగా. వంపు మధ్యలో ఉంది. చేతులు ఎటు పోయాయో తనకే తెలియడం లేదు.

"నువ్వు స్టీరింగ్ చూడు. నేను దింపుత. భయపడకు, చప్పుడు అయితది."

నా కుడి చెయ్యి, బాగున్న చెయ్యి, రాడ్డు మీద పెట్టాను. పక్కకు జరిపి ఒక గేరు దించాను. ఇంజను గట్టిగా అరిచింది. బండి పట్టు దొరికినట్టు నెమ్మదించింది. ఇంకొకటి దించాను. అక్క బ్రేకు మీంచి కాలు తీసింది. మిగతా వంపులన్నీ అట్లాగే దిగాం. ఆమె తిప్పుతోంది, నేను గేర్లు చూస్తున్నాను. ప్యాడిల్స్ నడిపే మనిషికి మాత్రమే అందుతాయి. రాడ్డు ఇద్దరి మధ్యలో ఉంటుంది. అన్నేళ్ల వాదనలో ఈ మాట మాలో ఎవరికీ తట్టలేదు.

కింద ఘాట్ దగ్గర కారు ఆపి దిగాం. పెద్దగా జనం లేరు. మెట్ల మీద ఒక కుటుంబం బట్టలు పిండుకుంటోంది. అక్క చెప్పులు విడిచి చివరి మెట్టు దాకా దిగి, చీలమండలు మునిగేదాకా నీళ్లలో నిలబడింది.

"గీడనేనా?" అని అడిగింది.

"తెల్వదక్కా. నేను గూడ రాలే గదా."

"ఎవరినన్న అడుగుదామా?"

"ఎవరికి తెలుస్తది."

అవునన్నట్టు తల ఊపింది. నీళ్లను దోసిట్లోకి తీసుకుని కాసేపు చూసి వదిలేసింది. తర్వాత పై మెట్టు మీద నా పక్కన వచ్చి కూర్చుంది. నేను తొడుగు తీసి, ఎడమ చెయ్యి మోకాళ్ల మీద చాపుకున్నాను. అక్క ఆ చేతిని తన ఒళ్లోకి లాక్కుని, దవాఖానలో నేర్పినట్టు వేళ్ల దగ్గర నుంచి భుజం దాకా మెల్లగా నిమరడం మొదలుపెట్టింది.

"వచ్చేటప్పుడు బాగనే నడిపిన గదా," అంది కొంతసేపటికి.

"బాగ నడిపినవ్."

"ఆ వాలు ఎక్కేటప్పుడు నువ్వు నడుపు. నాకు చేత కాదు."

"సరే అక్కా."

ఎండ ముదిరేదాకా అక్కడే కూర్చున్నాం.